ఒక్కసారే వచ్చే స్వరం

వాన వచ్చి యూనిస్‌ని రేవు పక్క వాట్‌గంజ్ సందులోకి తరిమింది.

1967 జూలై. బడి వదిలాక ట్రాము దిగి నాలుగడుగులు వేసిందో లేదో, కుండపోత. గొడుగేమో స్టాఫ్ రూములో ఉండిపోయింది. ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు, రెండో చేత్తో మ్యూజిక్ పుస్తకాలు పట్టుకుని, కనిపించిన మొదటి రేకుల షెడ్డు కిందికి పరిగెత్తింది. ఓడల మరమ్మతు చేసే వర్క్‌షాపు వెనకభాగం అది. చుట్టూ ఖాళీ నూనె పీపాలు.

రేకుల మీద వాన మోత. ఆ మోతలోంచి ఏదో పాట వినిపిస్తోంది. గంటలు మోగినట్టుంది, కానీ గంటలు కావు. నీళ్ళు పోసిన గ్లాసుల్ని చెంచాతో కొట్టినట్టుంది, అదీ కాదు. పాట మాత్రం ఆమెకు కొట్టినపిండి. ప్రతి ఆదివారం చర్చిలో తను హార్మోనియం మీద వాయించే కీర్తనే.

మూడో వరసలో ఒక స్వరం కిందికి జారిపోయింది. యూనిస్ పళ్ళు బిగించి ఊరుకుంది. పాట మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే చోట అదే స్వరం జారింది. మూడోసారి ఇక ఊరుకోలేకపోయింది.

"దాదా, బేసురో!" శ్రుతి తప్పిందని బెంగాలీలో కేకేసింది.

పాట ఆగింది. పీపాల వెనకనుంచి ఒక తల లేచింది. ఉంగరాల జుట్టు, చెంప మీద మసి, చెవి మీద పెన్సిలు.

"ఏటీ పిల్ల? వానకి తడిసొచ్చి మనకే పాఠాలు చెప్తంది," అని తనలో తాను గొణుక్కున్నాడు, తెలుగులో.

"పిల్ల కాదు, టీచర్ని. పాఠాలు చెప్పడమే నా ఉద్యోగం," అంది యూనిస్, తెలుగులోనే.

అతని చేతిలోని కర్ర జారి పడింది. పడిన చోట మళ్ళీ ఆ గంట లాంటి శబ్దమే పుట్టింది. యూనిస్ కోపం మర్చిపోయి రెండడుగులు ముందుకేసి తొంగి చూసింది. పీపాని అడ్డంగా కోసి, దాని అడుగుభాగాన్ని పళ్ళెంలా గుంట కొట్టారు. గుంట నిండా కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలు. ఒక్కో బుడిపె మీద తెల్ల రంగుతో ఒక్కో అంకె.

"ఏంటిది? మూకుడా?"

"మూకుడు కాదండి. పాన్ అంటారు. ఒక్కో బుడిపె ఒక్కో స్వరం. మొత్తం పద్నాలుగు."

"మీకెవరు నేర్పారు?"

"ట్రినిడాడ్ ఓడ వంటోడు, జోసెఫ్ అని. కిందటేడు ఇంజను పాడయ్యి నలభై రోజులు ఓడ ఇక్కడే ఉండిపోనాది. ఆడి పెట్టె తాళం బాగుచేసి ఇచ్చినాను. ఆడేమో ఇది చేసి చూపించీసినాడు. వాళ్ళ ఊళ్ళో వీధి వీధికీ ఇవేనట."

"మరి ఆ ఏడో నంబరు ఎందుకు తప్పు పలుకుతోంది?"

అతని మొహంలో బింకం పోయింది. "కొట్టీ కొట్టీ దిగిపోనాదండి. సుత్తితో లేపాల. ఎంతకి లేపాలో తెలవట్లేదు. జోసెఫ్ ఎల్లిపోనాడు కదా, ఎవుల్ని అడగను?"

యూనిస్ పుస్తకాలు ఒక పీపా మీద పెట్టింది. "నేను ఆ స్వరం పాడి పట్టుకుంటాను. మీరు లేపండి."

ఆమె పాడింది. అతను పళ్ళేన్ని తిరగేసి, కింది నుంచి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, తిప్పి కర్రతో తాకి చూశాడు. ఇంకా కిందే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుని మళ్ళీ పాడింది. మళ్ళీ రెండు దెబ్బలు. ఈసారి పైకి పోయింది. పైనుంచి ఒక్క దెబ్బ. అలా ఇరవై సార్లో ముప్ఫై సార్లో. చివరికి ఆమె గొంతూ ఆ ఇనుమూ ఒకటే పలికాయి. ఏది ఎవరిదో తెలియలేదు.

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"వాన ఎప్పుడు ఆగింది?" అంది యూనిస్.

"తెలవదండి," అన్నాడు సత్యరాజు. అతని పేరు అప్పుడే అడిగింది.

*

మర్నాడు ఎండ కాసింది. అయినా ఆమె వచ్చింది, చేతిలో గొడుగుతో సహా.

"ఇయాల వాన లేదు కదండి, టీచరు గారూ?"

"ఉంటే నిన్నట్లా తడుస్తాను కదా. అందుకే లేనప్పుడు వచ్చాను."

సత్యరాజు కాసేపు ఆలోచించాడు. ఆ మాటలో తర్కం ఎక్కడుందో దొరకలేదు. అడిగితే వెళ్ళిపోతుందేమోనని అడగలేదు.

ఆమె ఒక గ్రామఫోన్ రికార్డు తెచ్చింది. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లో దొరికింది. అట్ట చిరిగిపోయి, వాయించినవాళ్ళ పేర్లు లేవు. క్యూబా దేశపు బ్యాండు అని కొట్టువాడు చెప్పాడు, అంతే. గంగకి అవతల షాలిమార్ రైల్వే క్వార్టర్లో ఉండే యూనిస్‌కి చర్చి కీర్తనలు తెలుసు, బళ్ళో నేర్పే పియానో పాఠాలు తెలుసు, పార్క్ స్ట్రీట్ హోటళ్ళ మీదుగా నడుస్తుంటే బయటికి వచ్చే జాజ్ తెలుసు. ఈ రికార్డులో పాట మాత్రం రెండేళ్ళుగా ఆమెకు అంతుపట్టడం లేదు. జాజ్ లాగే పైన ఎవరికి తోచినట్టు వాళ్ళు పాడుకుంటూ పోతున్నారు. కింద మాత్రం తాళం వేరే. నిలబడనివ్వదు, కూర్చోనివ్వదు.

"దీన్ని లాటిన్ జాజ్ అంటారు. ఇలాంటిది నేనొకటి రాయాలని ఉంది," అంది. "నాకు సాక్సఫోన్లు, ట్రంపెట్లు ఎక్కడ దొరుకుతాయి? నిన్న మీ పీపా విన్నాక అనిపించింది. పాన్‌లకే రాస్తే?"

"ఇంతకుముందు ఎవులైనా రాసినారా?"

"ఏమో, నాకు తెలియదు."

"మరి ఎలాగ రాస్తారు?"

"అదీ తెలియదు. తెలిస్తే రాయడం ఎందుకు?"

సత్యరాజు నవ్వాడు. పెన్సిలు చెవి మీంచి తీసి ఆమెకిచ్చాడు.

కిద్దర్‌పూర్‌లో నావికుల క్లబ్బు ఒకటి ఉంది. క్రిస్మస్ వారంలో ఒక సాయంత్రం రేవు చుట్టుపక్కల బృందాలను పిలిచి తలా పది నిమిషాలు ఇస్తుంది. ఐదు నెలల టైముంది. సత్యరాజు ఇంకో పాన్ చేశాడు, కాస్త లోతు గొంతుది. అది అతని చెల్లెలు విజయ కుమారికి. టైపు నేర్చుకుంటున్న ఆ అమ్మాయి వేళ్ళకి వేగం ఎక్కువ, నోటికి ఇంకా ఎక్కువ. మూడు నిలువు పీపాలు కోయకుండా పొడుగ్గానే ఉంచి, పైన మూడేసి స్వరాలు లేపాడు. బాగా అడుగు నుంచి పలికే బేస్ అది. దానికి కొండయ్యని పిలిచాడు. కొండయ్య కార్పొరేషన్లో నీళ్ళ పైపుల పని చేస్తాడు. సొంతూరు శ్రీకాకుళం వైపు. తప్పెటగుళ్ళు ఆడిన మనిషి. నాలుగో చోటు యూనిస్‌ది. ఆమె చేతిలో రెండు చెక్క కర్రలు.

"ఈ కర్రలేటి, అప్పడాలు ఒత్తడానికా?" అంది విజయ కుమారి.

"పాటంతా వీటి మీదే నడుస్తుంది. ఐదు దెబ్బలు. ముందు మూడు, తర్వాత రెండు." యూనిస్ కొట్టి చూపించింది. టక్, టక్, టక్. కాస్త ఆగి, టక్, టక్. "ఎవరేం వాయించినా ఈ ఐదింటి మాట వినాలి."

కొండయ్య తల వంచి విన్నాడు.

"మీ తప్పెటగుళ్ళలో ఇలాంటిది ఉంటుందా, కొండయ్య గారూ?" అని ఆశగా అడిగింది.

"లేదు టీచరమ్మా. మాది మాదే, ఇది ఇదే. రెండూ ఒకటని మిమ్మల్ని మురిపించీడానికి నాకు నోరు రాదు," అన్నాడు కొండయ్య. "కొత్తగానే నేర్చుకుంతాను."

*

మొదటిసారి నలుగురూ కలిసి వాయించిన రోజు యూనిస్ చెవులు మూసుకుంది.

"ఇత్తడి సామాన్ల కొట్టు మీద పైకప్పు కూలినట్టుంది," అన్నాడు కొండయ్య నిజాయితీగా.

ఆమె పియానోకి రాసినట్టే రాసింది. వేళ్ళకి ఎన్ని స్వరాలు అందితే అన్నీ పెట్టింది. పాన్ మీద ఒక స్వరం పోకముందే ఇంకోటి, అది పోకముందే మరోటి వచ్చి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గుజ్జు అయిపోయాయి.

"పియానోలో ఏలు తీస్తే చప్పుడు ఆగుతాది కదండి," అన్నాడు సత్యరాజు. "దీనికి ఆగడం ఉండదు. అదే పోవాల."

"ఎంతసేపటికి పోతుంది?"

"ఏమో. ఎప్పుడూ చూడలేదు."

"చూద్దాం."

ఆమె చేతి గడియారం విప్పి పీపా మీద పెట్టింది. అతను ఒక్కో స్వరాన్నీ ఒక్కసారి కొట్టి చెయ్యి వెనక్కి తీసేవాడు. ఇద్దరూ తలలు వంచి, అది పూర్తిగా చచ్చేదాకా వినేవారు. ఆమె సెకన్లు రాసుకునేది. పెద్ద బుడిపెలు ఎక్కువసేపు, చిన్నవి తక్కువసేపు. అంచున ఉన్న నాలుగో నంబరు మాత్రం అన్నిటికంటే మొండిది. పోయిందనుకున్నాక కూడా ఇంకా ఉండేది.

"అయిపోయింది," అనేది ఆమె.

"లేదండి, ఇంకా ఉంది. వినండి."

"నాకు వినబడటం లేదు."

"దగ్గరికి రండి."

దగ్గరికి జరిగింది. నిజంగానే ఉంది. దోమ రెక్కంత. స్వరం ఎప్పుడు పోయిందో ఆ రోజు ఇద్దరిలో ఎవరూ రాసుకోలేదు.

"నాలుగో నంబరికి ఎన్ని సెకన్లో రాయలేదేటి?" అని మర్నాడు పుస్తకం చూసి విజయ కుమారి అడిగింది. యూనిస్ వినపడనట్టు కర్రలు తుడుచుకుంది.

ఆమె మొత్తం చింపేసి మళ్ళీ రాసింది. ఈసారి సగం స్వరాలే. మిగతా చోట ఖాళీ. ఖాళీల్లో ముందు కొట్టినది మోగుతూ ఉంటుంది. అది కూడా పాటే అని లెక్క వేసుకుంది. సత్యరాజుకి స్వరలిపి చదవడం రాదు కనుక అతనికి అంకెల్లో రాసిచ్చింది. అతను ఊరికే వాయించి ఊరుకునే రకం కాదు. ఇక్కడ ఏడు ఎందుకు, తొమ్మిది అయితే ఏమవుతుంది? చెల్లెలి పాన్ ఆగినప్పుడు నాది ఎందుకు మొదలవుతాది? ఇది సంతోషం పాటా, దిగులు పాటా? రెండూ అయితే ఏది ముందు? జవాబు తెలిసిన వాటికి చెప్పేది. తెలియని వాటికోసం ఇంటికెళ్ళి హార్మోనియం ముందు కూర్చునేది.

చిక్కంతా బేస్ దగ్గర వచ్చింది. రికార్డులో బేస్ మొదటి దెబ్బ మీద పడదు. దానికి కాస్త ముందే పడి, మొదటి దెబ్బ దగ్గర ఊరుకుంటుంది. కొండయ్య చెయ్యి మాత్రం మొదటి దెబ్బ మీదే పడుతుంది. రెండు వారాలు చూశారు. చెయ్యి మాట వినలేదు.

ఒక సాయంత్రం కొండయ్య చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"దొరికిపోనాది టీచరమ్మా! ట్రాము!"

"ట్రాము ఏంటి?"

"ట్రాము ఆగినాక దిగితే నాను అక్కడే నిలబడిపోతాను. ఆగకముందే దిగీస్తే నా కాలే నన్ను నాలుగడుగులు ముందుకి లాక్కెల్తాది. మీ బేసు కూడా అంతే. ఆగకముందే దిగిపోవాల!"

అతను పీపాల ముందు నిలబడ్డాడు. యూనిస్ కర్రలు అందుకుంది. ఐదు దెబ్బలు. కొండయ్య ట్రాము ఆగకముందే దిగాడు. షెడ్డు అంతా ముందుకు జరిగినట్టయింది. విజయ కుమారి ఎగిరి గంతేసింది. సత్యరాజు వాయించడం మానేసి యూనిస్‌ని చూశాడు. ఆమె రెండేళ్ళనుంచి వెతుకుతున్నది ఇదేనని ఆమె మొహం చెబుతోంది.

*

అక్టోబరులో గొడవైంది.

పాట చివరి భాగం ఒక తిరుగుడు. ఒకటే చిన్న వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతూ, కొంచెం కొంచెంగా పైకి ఎక్కుతుంది. ఎన్నిసార్లు తిరగాలో ముందే లెక్క ఉండదు. బృందాన్ని నడిపించేవాళ్ళు సైగ చేసినప్పుడే బయటపడతారు. ఆ ఎక్కడంలో అన్నిటికంటే పైన యూనిస్ ఒక స్వరం రాసింది.

"ఈ స్వరం నా పాన్‌లో లేదండి," అన్నాడు సత్యరాజు.

"పద్నాలుగు ఉన్నాయి కదా?"

"పద్నాలుగులో ఇది లేదు."

"పెట్టొచ్చు కదా?"

"మధ్యలో జాగా లేదు. పెడితే పక్కనున్న రెండూ చచ్చిపోతాయి. జోసెఫ్ చేత్తో కొట్టిన పాన్ ఇది, టీచరు గారూ. పాడైపోతే మళ్ళీ రాదు."

"ఈ స్వరం లేకపోతే అసలు పాటే లేదు," అంది యూనిస్. రోజంతా బళ్ళో పిల్లలతో అరిచి ఉంది. గొంతులో ఆ అరుపే మిగిలి ఉంది.

"అయితే పాట లేదు," అన్నాడు సత్యరాజు.

వారం రోజులు ఆమె రాలేదు. వచ్చిన రోజున పుస్తకం చంకలో పెట్టుకుని, షెడ్డు గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేసింది.

"పొరపాటు నాది. మీ పాన్ ముట్టుకోవద్దు. చివరి భాగమంతా తిరగరాశాను. ఆ స్వరం తీసేశాను."

సత్యరాజు తెల్లబోయి చూశాడు. "తీసీసినారా?"

"ఆ."

"నేను పెట్టీసినాను కదండీ!"

విజయ కుమారి పీపా మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "వారం రోజులు మా అన్నయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదండి. పెట్టడం, పక్కవి రెండూ చచ్చిపోవడం, మళ్ళీ వాటిని బతికించడం. మూడుసార్లు పాన్‌ని నిప్పు మీద పెట్టినాడు. ఒక్కసారి ఏడిసినాడు కూడా."

"ఎవుడు ఏడిసినాడు? పొగ!"

యూనిస్ పాన్ దగ్గరికి వచ్చింది. మధ్యలో, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా, కొత్త బుడిపె. తెల్ల రంగు ఇంకా ఆరలేదు. పదిహేను అని రాసి ఉంది. కర్ర తీసుకుని మెల్లిగా తాకింది. సన్నగా, తడి లేకుండా, తిన్నగా పైకి వెళ్ళిన స్వరం.

ఆమె అతని చెవి మీది పెన్సిలు కోసం చెయ్యి చాపింది. పీపా మీదే పుస్తకం పెట్టుకుని రాసింది.

"ఒక్కసారి," అంది. "పాట మొత్తంలో ఒక్కసారే వస్తుంది. చివర్లో, నేను సైగ చేసే ముందు."

"వారం రోజులు చచ్చీ చెడీ చేసినాను. ఒక్కసారేనా!"

"ఒక్కసారే. అందుకే అందరూ వింటారు."

*

నవంబరులో సంగతి చర్చి పెద్దల చెవిన పడింది. హార్మోనియం వాయించే అమ్మాయి నావికుల క్లబ్బులో, తాగేవాళ్ళ ముందు, నూనె పీపాలు వాయించబోతోందట. పెద్దల్లో ఒకాయన ఎలీయాజరు. షాలిమార్ యార్డులో గూడ్సు గార్డు. యూనిస్ తండ్రి.

"వద్దమ్మా," అన్నాడు భోజనాల దగ్గర.

"ఒక్కసారి విని వద్దనండి నాన్నా."

"విననక్కర్లేదు. క్లబ్బుకి వెళ్తే ఇక చర్చిలో హార్మోనియం ముట్టుకోనివ్వమంటున్నారు. నేను వాళ్ళ మధ్య కూర్చోవాలి." కంచం వైపు చూస్తూ ఇంకో మాట కలిపాడు. "ఖరగ్‌పూర్ నుంచి ప్రేమానందం అని ఒక మాస్టారు శనివారం వస్తున్నాడు. మంచి కుటుంబం. మాట్లాడి చూడు."

ప్రేమానందం వచ్చాడు. మంచివాడే. యూనిస్ అతనికి తన పాటని హార్మోనియం మీద వాయించి వినిపించింది. "బాగుందండీ," అని టీ తాగి, వెళ్ళే రైలు టైము చెప్పాడు. యూనిస్ అతన్ని లాంచీ ఘాట్ దాకా సాగనంపి, తనకు ఈ సంబంధం ఇష్టం లేదని మర్యాదగా చెప్పేసింది. అతను అంతకంటే మర్యాదగా తలూపాడు.

ప్రేమానందం ఎక్కబోయే లాంచీలోంచి, రేకులు కొనడానికి వచ్చి దిగిన సత్యరాజుకి టై కట్టుకున్న మనిషీ, పక్కన యూనిసూ మాత్రమే కనిపించారు. మాటలు వినిపించలేదు. ఆ రోజు నుంచి అతను ప్రశ్నలు అడగడం మానేశాడు. అంకెలు ఎలా ఉంటే అలా వాయించాడు.

"ఏమైంది మీకు?" అంది యూనిస్.

"ఏటీ లేదండి. బాగుంది."

ఆ "బాగుంది" విని ఆమెకు ఒళ్ళు మండింది.

డిసెంబరు ఇరవై మూడు. పొద్దున్నే యూనిస్ చీర మార్చుకుని తండ్రి ముందు నిలబడింది.

"సాయంత్రం క్లబ్బుకి వెళ్తున్నాను నాన్నా. మీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేదు. హార్మోనియం పోతుందని తెలుసు. పోయినా వెళ్తాను."

ఎలీయాజరు గార్డు కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. చివరి బొత్తాం దాకా పెట్టుకున్నాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా చంకన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

*

క్లబ్బు హాలు కిక్కిరిసింది. తెల్ల బట్టల నావికులు, రేవు కూలీలు, కుటుంబాలు. వీళ్ళ వంతు ఇంకా పావుగంట ఉందనగా కబురొచ్చింది. ఏదో వీధిలో పెద్ద నీళ్ళ పైపు పగిలిందట. కొండయ్యని డ్యూటీకి లాక్కెళ్ళారు.

"బేస్ లేకపోతే ఎలాగ?" అంది విజయ కుమారి. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేదు.

"నేను వాయిస్తాను," అంది యూనిస్. "రాసింది నేనే కదా."

"మరి కర్రలు?"

"కర్రలు ఉండవు. ఐదు దెబ్బలూ ఎవరి కడుపులో వాళ్ళే లెక్కపెట్టుకోండి."

సత్యరాజు తన పాన్‌ని ఆమె మొహం కనిపించేలా పక్కకి జరిపి పెట్టుకున్నాడు. సైగ చూడాలి కదా, అని తనకి తాను చెప్పుకున్నాడు.

మొదలుపెట్టారు. మొదట హాల్లో గుసగుసలు వినిపించాయి. ఎవరో నూనె పీపాలని నవ్వారు. తర్వాత మెల్లిమెల్లిగా గుసగుసలు ఆగాయి. యూనిస్ మూడు పీపాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, ట్రాము ఆగకముందే దిగుతూ దిగుతూ వాయిస్తోంది. కొండయ్యకున్నంత చేతి బలం లేదు. అందుకే ఒళ్ళంతా వాడుతోంది. జడ ముందుకి పడింది. కొంగు నడుముకి దోపింది. విజయ కుమారి వేళ్ళు పరిగెడుతున్నాయి. చివరి తిరుగుడు వచ్చింది. ఒకసారి తిరిగింది, రెండుసార్లు, మూడుసార్లు. పాట మెట్టు మెట్టుగా ఎక్కుతోంది.

ఈ సాయంత్రానికి అనుకున్న లెక్క ప్రకారం నాలుగో తిరుగుడులో ఆ స్వరం రావాలి.

రాలేదు.

యూనిస్ తలెత్తింది. సత్యరాజు రెండు కర్రలూ గాల్లో పట్టుకుని, కళ్ళార్పకుండా తన వైపే చూస్తున్నాడు. పదిహేనో నంబరు రావాల్సిన చోటు వచ్చింది, పోయింది కూడా.

సైగ చేసి పాట ముగించెయ్యాలి. లేకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. సగం క్షణంలో తేల్చుకుంది. సైగ చెయ్యలేదు. బేస్‌ని మళ్ళీ మొదటికి తిప్పింది. విజయ కుమారి కళ్ళు పెద్దవి చేసి, వెంటనే వెంట వచ్చింది. మళ్ళీ ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. హాలంతా చప్పట్లతో తాళం వేస్తోంది. యూనిస్ సత్యరాజు కళ్ళలోకి సూటిగా చూసింది.

అతను కొట్టాడు.

సన్నటి ఆ ఒక్క స్వరం అందరి తలల మీదుగా వెళ్ళి పైకప్పు దగ్గర ఆగింది. యూనిస్ సైగ చేసింది. ముగ్గురూ ఒకేసారి ఆగారు. చప్పట్లు మొదలవడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలూ ఆ స్వరం మోగుతూనే ఉంది.

వరండాలోకి రాగానే యూనిస్ అతని ముందు నిలబడింది.

"మొదటిసారి ఎందుకు కొట్టలేదు?"

"మర్చిపోనాను."

"మర్చిపోయారా? వారం రోజులు ఏడ్చి చేసిన స్వరం మర్చిపోయారా? ఒక్కసారే పెట్టానని కోపమైతే అప్పుడే చెప్పాల్సింది!"

"కోపం కాదండి."

"మరేంటి?"

సత్యరాజు చేతిలోని కర్రలు చూసుకున్నాడు. టై కట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. "ఏటీ లేదండి," అన్నాడు.

ఆమె వెనక్కి చూడకుండా లాంచీ ఘాట్ వైపు నడిచింది.

*

క్రిస్మస్ మర్నాడు సత్యరాజు షెడ్డులో రేకు కోస్తుంటే గుమ్మంలో నీడ పడింది. తెల్ల గార్డు కోటు, నెరిసిన మీసం. ఎలీయాజరు. సత్యరాజు గబుక్కున లేచి చేతులు తుడుచుకున్నాడు.

"కూర్చో. నేనూ కూర్చుంటాను," అని ఎలీయాజరు ఒక పీపా మీద కూర్చున్నాడు. "ఆ రోజు డ్యూటీ దిగి క్లబ్బు దాకా వచ్చాను. లోపలికి రాలేదు. వరండా చివర్లో కిటికీ దగ్గర నిలబడ్డాను. ఐదు నెలలుగా మా ఇంట్లో హార్మోనియం మీద అదే పాట. నాకు మొత్తం వచ్చు."

సత్యరాజు కూర్చోకుండా, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"చివర్లో ఒక స్వరం రావాల్సిన చోట రాలేదు. ఇంకో చుట్టు తిప్పి తెచ్చుకున్నారు. అవునా?"

"అవునండి."

"జనం ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. ఎందుకు రాలేదు?"

ఆ ప్రశ్న ఆమె అడిగినప్పుడు తప్పించుకున్నాడు. ఈ పెద్దాయన ముందు అబద్ధం నోటికి రాలేదు.

"మీ అమ్మాయిని చూస్తన్నానండి," అన్నాడు. "చూస్తూ ఉండిపోనాను. తప్పు నాదే."

ఎలీయాజరు ఆ పాన్ వైపు చూశాడు. తర్వాత వంగి, కర్ర తీసుకుని, మధ్యలో ఉన్న పదిహేనో నంబరుని జాగ్రత్తగా తాకాడు. స్వరం పూర్తిగా పోయేదాకా విన్నాడు.

"దీన్ని ఎక్కడ కొడితే లేస్తుందో నీకెలా తెలిసింది?"

సత్యరాజు చెప్పాడు. సుత్తి చూపించాడు, పాడైపోయిన పాత రేకు మీద కొట్టి చూపించాడు. పెద్దాయన తనూ రెండు దెబ్బలు వేసి చూశాడు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా ఇద్దరూ అదే పని మీద ఉన్నారు.

లేచి కోటు దులుపుకుంటూ ఎలీయాజరు అన్నాడు. "సంఘపెద్దలతో నేను మాట్లాడుకుంటాను. వినకుండా తీర్పు చెప్పింది వాళ్ళొక్కరే కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మని తీసుకుని షాలిమార్ రా."

"దేనికండి?"

"నాతో చెప్పిన మాట నా కూతురితో కూడా చెప్పడానికి. ఆ మాట వినాల్సింది నేను కాదు కదా."

*

ఆదివారం లాంచీ మీద గంగ దాటుతున్నంతసేపూ కాంతమ్మ కొడుకు జేబు రుమాలు సరిచేస్తూనే ఉంది. "ఒరే, ఏటి మాటాడతావో ముందే అనుకున్నావా?" అంది. "అనుకున్నానమ్మా," అన్నాడు. షాలిమార్ గట్టు మీద అడుగు పెట్టగానే మొత్తం మర్చిపోయాడు.

పెద్దవాళ్ళు లోపల టీ తాగుతున్నారు. వాకిట్లో రైలు పట్టాల వైపు మొహం పెట్టి యూనిస్ నిలబడింది.

"మీరు చెప్పాల్సింది ఏదో ఉందని నాన్న అన్నారు. ఏంటో చెప్పలేదు," అంది, ఇటు తిరక్కుండానే.

"ముందు నేనొకటి అడగొచ్చా?"

ఆమె చటుక్కున తిరిగింది. నెల రోజుల తర్వాత అతని నోట వచ్చిన మొదటి ప్రశ్న అది.

"అడగండి."

"ఆ లాంచీ ఘాట్ దగ్గర, టై కట్టుకున్న బాబు ఎవులు?"

"ప్రేమానందం గారు. నన్ను చూడ్డానికి వచ్చారు. నేను వద్దన్నాను."

"ఏల?"

"పాట మొత్తం వాయించి వినిపించాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు," అంది యూనిస్. "మీరు ఐదు నెలలు నన్ను ప్రశ్నలతో చంపారు. నాకు అలవాటైపోయింది. మానేస్తే తోచడం లేదు."

సత్యరాజు గుండె ట్రాము ఆగకముందే దిగిపోయింది.

"నేను మర్చిపోలేదండి," అన్నాడు. "ఆ రోజు. మిమ్మల్ని చూస్తన్నాను. అందుకే కొట్టలేదు. వానలో తడిసొచ్చి నన్ను కేకేసిన రోజునుంచీ చూస్తన్నాను. అంతకంటే చెప్పడం నాకు రాదు."

యూనిస్ కొంగు చివర వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"మరి రెండోసారి ఎలా కొట్టారు? అప్పుడు చూడలేదా?"

"అప్పుడూ చూస్తనే ఉన్నాను. కాకపోతే మీరు నా ఏపు కోపంగా చూసినారు. బయమేసి కొట్టీసినాను."

యూనిస్ నవ్వు ఆపుకోలేకపోయింది. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి వచ్చి, పెట్టె తర్వాత పెట్టెగా దడదడమని పోతోంది. దాని మోత పోయేదాకా నవ్వుతూనే ఉంది. పోయాక అతని చెవి మీది పెన్సిలు తను తీసుకుంది.

"లోపలికి రండి," అంది. "కిటికీలోంచి వినబడుతోంది, చెల్లెలి పెళ్ళి కాకుండా మీకు చెయ్యనని మీ అమ్మగారు అంటున్నారు. మా నాన్నేమో ఏప్రిల్లోనే అంటున్నారు. ఇద్దరూ అప్పుడే వాదించుకుంటున్నారు. మనల్ని అడుగుతారేమో వెళ్ళి చూద్దాం."